బ్రాకెట్లో మిగిలిన వాక్యం

మా విమానయాన శాఖలో ఒక పద్ధతుంది. రెండు దేశాలకూ కుదరని మాటను ఒప్పందంలోంచి కొట్టెయ్యం, బ్రాకెట్లో పెడతాం. కుదిరాక బ్రాకెట్లు తీసేస్తాం. పొరుగు దేశంతో మూడు రోజుల చర్చల తర్వాత ఒకే వాక్యం బ్రాకెట్లో మిగిలింది: పొరుగు దేశపు విమానాలు మన ఊళ్లకు ఎన్నయినా తిరగొచ్చు, కానీ ఇక్కడ ఆగే ప్రతిదాన్నీ మన మెకానిక్కులే తనిఖీ చెయ్యాలి.

అది నేను రాసిన వాక్యమే. పొరుగువాళ్లొస్తే చిన్న ఊళ్లకూ విమానాలు దొరుకుతాయి, నిజమే. కానీ మన ప్రభుత్వ సంస్థ నడిపే విమానాలు సగానికి తగ్గుతాయి. ఆ వాక్యం నిలబడకపోతే మా అక్క మొగుడు మెకానిక్కుగా పనిచేసే హ్యాంగరుకు, అంటే విమానాల షెడ్డుకు, తాళమే. బావ అప్పటికే నా మీద నిప్పులు చెరుగుతున్నాడు.

"తలుపులు బార్లా తెరిచి మమ్మల్ని వీధిలో నిలబెట్టండి, మరదలుగారూ."

నాలుగో రోజు అవతలి బృందానికి ఆ హ్యాంగర్ చూపించాను. గోడ మీది బోర్డులో ఒక్కో పనిముట్టుకీ దాని ఆకారంలోనే గీత గీసి ఉంటుంది. ఏదైనా విమానం లోపల ఉండిపోతే ప్రమాదం కాబట్టి, అన్నీ వాటి చోటికి చేరితేగాని విమానం కదలదు. ఆ రోజు ఒక స్పానర్ చోటు ఖాళీగా ఉంది. అప్పుడు బావ తనిఖీ చేస్తున్నది బృందం తిరిగి వెళ్లాల్సిన విమానమే.

బావ విమానాన్ని ఆపేశాడు. గంటన్నర వెతికారు. బృందానికి నాయకురాలైన పెద్దావిడ మాటిమాటికీ వాచీ చూసుకుంటోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

చివరికి స్పానర్ బావ వెనక జేబులోనే దొరికింది. మేం రావడం చూసి, చొక్కా సర్దుకునే హడావిడిలో పెట్టుకున్నాడట. నేను తప్ప ఎవరూ చూడలేదు.

"గుట్టుగా తగిలించెయ్ బావా," అని గొణిగాను.

"నువ్వూరుకో," అని నేరుగా పెద్దావిడ దగ్గరికెళ్లాడు. "నా జేబులోనే ఉందమ్మా. తప్పు నాదే." ఆమె ఎదుటే రిజిస్టర్లో ఆ మాటే రాసి సంతకం పెట్టాడు.

"ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదుగా?" అందావిడ.

"రాయకపోతే రేపు ఇంకొకడు ఇలాగే జేబులో వేసుకుంటాడమ్మా," అని బావ స్పానర్ బోర్డుకు తగిలించి విమానం దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆవిడ నా చేతిలోని ముసాయిదా అడిగి తీసుకుంది. బ్రాకెట్లు రెండూ కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేసింది. "మా విమానాలు ఆయనే చూడాలి. ఆయనకు జేబుల్లేని ప్యాంటు కుట్టించండి."

విమానం ఎగిరాక బావ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమైంది?"

"తలుపులు బార్లా తెరిచేశాం బావా. నువ్వు వీధిలో నిలబడకు, లోపలికి పద. బోలెడు పనుంది."