నాలుగో నట్టు

మేస్త్రీ ఆ రోజు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి షెడ్డుకు వెళ్లాడు. మరిచిపోయాడనడం మర్యాద కోసం. నలుగురిలో అది పెట్టుకుంటే ముసలివాడంటారని కావాలనే అద్దం దగ్గర వదిలి వెళ్లాడని ఇంటావిడకు తెలుసు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మరిచిపోయినవేవో, మరిచిపోయినట్టు నటించినవేవో కనిపెట్టడం ఆవిడకు వంటకంటే బాగా వచ్చింది.

అయినా కళ్లజోడు సంచిలో వేసుకుని, భోజనం డబ్బా పట్టుకుని, వేళకు ముందే బయల్దేరింది. ఆ పూట ఆయనకు చూపు అవసరం.

ముందురోజు మామకూ అల్లుడికీ మాటామాటా పెరిగింది. క్వారీ వాళ్ల పాత జీపొకటి షెడ్డుకు వచ్చింది. నాలుగు చక్రాలూ లాగే రకం. వెనక ఆయిలు కారి బ్రేకులన్నీ తడిసిపోయాయి. ఆయిలు ఆపే సీళ్లు మార్చాలంటే వెనక ఇరుపక్కలా ఉన్న యాక్సిళ్లు రెండూ బయటికి లాగాలి. ఏళ్ల తరబడి బురదలో ఈదిన బండి కావడంతో బేరింగులు తుప్పుపట్టి యాక్సిల్ గొట్టంలో అతుక్కుపోయాయి. వాటిని లాగే మిషను, హైడ్రాలిక్ పుల్లరు, తెప్పిద్దామన్నాడు అల్లుడు.

“పుల్లరెందుకురా? నా చేతులేమన్నా అరిగిపోయాయా?” అన్నాడు మేస్త్రీ.

“నేనూ అదే అంటున్నా మామయ్యా.”

పక్క షెడ్డులో లేత్ మిషను నడిపే ఆయనా, జీపు డ్రైవరూ అక్కడే ఉన్నారు. వినేవాళ్లు ఉంటే మేస్త్రీ నోరు ఊరుకోదు. “రేపు భోజనం వేళకి రెండూ ఊడబీకుతా. ఊడకపోతే షెడ్డు తాళాలు నీ చేతిలో పెట్టి ఇంట్లో కూర్చుంటా. మళ్లీ స్పానర్ ముట్టుకుంటే అప్పుడడుగు!” అనేశాడు.

ఇంట్లో కూర్చోవడమంటే తన నెత్తి మీద కూర్చోవడమేనని ఆ కబురు వినగానే ఇంటావిడకు తట్టింది. ఆయనకు మాత్రం షెడ్డు లేకపోతే తానెవరో కూడా తెలియదు.

ఆవిడ వెనక గుమ్మంలోంచి లోపలికి అడుగుపెట్టేసరికి, జీపు కుడి చక్రం దగ్గర అల్లుడొక్కడే గొంతుక్కూర్చుని ఉన్నాడు. మేస్త్రీ ముందువైపు టీ తాగుతూ డ్రైవరుకు తన ప్రతాపం చెబుతున్నాడు. చక్రం, దాని వెనక బ్రేకు డ్రమ్ము అప్పటికే విప్పేసి ఉన్నాయి. యాక్సిల్‌ను గొట్టానికి పట్టి ఉంచే ప్లేటుకు నాలుగు నట్లు. మూడు విప్పి రేకుమూతలో వేశాడు. నాలుగోదాన్ని ముట్టుకోలేదు. దాని మీద గ్రీజు పులిమి, పైన బురద అద్ది, బొటనవేలితో నున్నగా రాస్తున్నాడు.

“ఒకటి ఉండిపోయింది బాబూ,” అందావిడ.

అల్లుడు ఉలిక్కిపడలేదు. “తెలుసత్తయ్యా.”

ఆవిడకూ తెలుసు. అది ఈ షెడ్డు ఆచారం. పెట్టినవాడు మేస్త్రీయే. పనిలో కొత్తగా చేరినవాణ్ణి ఇలాంటి యాక్సిల్ ముందు నిలబెట్టి, ‘నట్లన్నీ తీసేశాన్రా, లాగడమే’ అని చెప్పి, ఒకటి వదిలేసేవాడు. వాడు లాగుతుంటే అందరూ పని ఆపి వినోదం చూసేవారు. వాడు ఏడుపుమొహం పెట్టాక, ‘నట్టు చూసుకోనివాడు మెకానిక్కేంట్రా? పోయి గేదెలు కడుక్కో’ అని ఒక మొట్టికాయ. అల్లుడు, అప్పటికింకా అల్లుడు కాడు, సాయంత్రం దాకా లాగాడు. భుజం గూడు తప్పింది. ఈనాటికీ కుడిచెయ్యి చెవి దాటి లేవదు. పై అరలో డబ్బా కావాలంటే పెళ్లాన్ని బతిమాలుకోవాలి.

“ఆయన పెద్దవారు బాబూ.”

“అప్పుడు నేను చిన్నవాణ్ణి.” అల్లుడు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. “అయినా నేనేం దాచలేదత్తయ్యా. కాస్త పూశానంతే. వేలు పెట్టి చూసుకుంటే దొరికిపోతుంది. చెప్పాలనుంటే చెప్పండి, నేనాపను. మొగుడు మీ మొగుడు.”

మేస్త్రీ చేతులు నలుపుకుంటూ వచ్చాడు. పొద్దున్నే తాను నట్లు విప్పి పెట్టుకున్న ఎడమ పక్క ముందు పట్టాడు. డ్రమ్మును తిరగేసి చక్రం బోల్టుల మీద ఎక్కించి, చక్రం నట్లు నాలుగు చుట్లు మాత్రం తిప్పి వదిలాడు. అలా వదిలితే డ్రమ్ము ముందుకూ వెనక్కూ ఆడుతుంది. రెండు చేతులా పట్టుకుని లోపలికి తోసి ఒక్కసారి బయటికి గుంజితే ఆ డ్రమ్మే సుత్తి. ధన్. ధన్. కాసేపటికి బేరింగు కీచుమంది, తుప్పునీళ్లు కక్కింది, యాక్సిల్ మేస్త్రీ ఒళ్లోకి వచ్చి పడింది.

“చూశావటోయ్ డ్రైవరూ! పుల్లరంట, పుల్లరు!”

“మీరు మామూలోళ్లా మేస్త్రీగారూ,” అన్నాడు డ్రైవరు.

ఆ ఊపులోనే కుడిపక్కకు వచ్చాడు. “ఇటు నట్లు తీసేశావా?”

“తీసేశాను మామయ్యా. లాగడమే.”

అక్షరాలా తన మాటే. అయినా మేస్త్రీ గుర్తుపట్టలేదు. గొయ్యి ఎవరి కోసమో తవ్వుతాం గానీ అందులో మన సైజు కూడా పడుతుందని ఎవరు కొలుచుకుంటారు?

లాగాడు. యాక్సిల్ కదల్లేదు. నూనె పోసి లాగాడు. గ్యాస్ మంటతో గొట్టం కాల్చి లాగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. అరచెయ్యి చిట్లి డ్రమ్ము అంచు మీద ఎర్రగా మరక పడింది. లేత్ ఆయన మిషను ఆపేసి వచ్చి నిలబడ్డాడు.

“మేస్త్రీ, దానికి నువ్వంటే మనసు పడినట్టుందయ్యా. వదలడం లేదు.”

“జాగ్రత్తండోయ్,” అన్నాడు డ్రైవరు, “యాక్సిల్ రాకుండా మా జీపు వచ్చేసేలా ఉంది.”

“నోర్ముయ్!” మేస్త్రీ మళ్లీ గుంజాడు. దెబ్బ భుజాలదాకా తిరిగొచ్చింది. పళ్లు కొరుక్కుంటూ వంగి, ప్లేటు కేసి కళ్లు చికిలించి చూశాడు. గ్రీజూ, బురదా, నలుపూ అంతా ఒకటే ముద్దలా కనిపించి ఉంటుంది. తల తిప్పి పెళ్లాం చేతిలో సంచీ కేసి చూశాడు. గొంతు తగ్గించాడు.

“ఏమే, ఇంట్లో నేనేమన్నా మరిచిపోయానా?”

సంచిలో కళ్లజోడు ఆవిడ వేళ్లకు తగులుతూనే ఉంది. పెద్దమ్మాయి కడుపులో ఉండగా ఒకనాడు ఆయన ఇంటికి వేసిన తాళం ఒకటైతే, చెవి మరోటి ఇచ్చి పంపాడు. వానలో ఆవిడ గుమ్మంతో కుస్తీ పడుతుంటే ఎదురింటి వసారాలో నిలబడి, ఇద్దరు స్నేహితుల్ని పక్కన పెట్టుకుని చూశాడు. తడిసి ముద్దయ్యాక వచ్చి, ‘చెవి సరిచూసుకోవద్దూ?’ అన్నాడు. స్నేహితులు పడిపడి నవ్వారు.

“ఏం లేదే,” అందావిడ.

ఆ మాట అన్నాక ఒంట్లో ఒక హాయి పాకింది. అది హాయేనని ఒప్పుకోవడానికే కాస్త సేపు పట్టింది.

మరో నాలుగు గుంజులు గుంజి మేస్త్రీ నేలమీద చతికిలబడ్డాడు. చిట్లిన చేతుల్ని తొడల కింద దాచుకోబోయాడు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. లేత్ ఆయన గోడకానించిన టైరును శ్రద్ధగా చూడసాగాడు. నవ్వి ఉంటేనే బాగుండేది.

“నావల్ల కాదురా,” అంటూ మేస్త్రీ జేబులోంచి తాళాలు తీశాడు.

అల్లుడు వినయంగా రెండు చేతులా అందుకున్నాడు. “మీరు కూర్చోండి మామయ్యా. కాస్త నూనె పోసి చూస్తా.” చక్రం దగ్గర అందరికీ వీపు పెట్టి కూర్చున్నాడు. స్పానర్ పట్టిన మణికట్టు నాలుగైదుసార్లు తిరిగింది. తాళాలు వెళ్లిన జేబులోకే నట్టూ వెళ్లింది. లేచి, డ్రమ్మును ఎడంచేత్తో పట్టుకుని గుంజాడు. రెండో దెబ్బకు యాక్సిల్ వచ్చేసింది.

“అబ్బో!” అన్నాడు డ్రైవరు.

ఇంటికి నడుస్తూ మేస్త్రీ వీధి మలుపులో ఆగాడు.

“ఎడంచేత్తోనే... ఒంటిచేత్తో లాగేశాడు. నా చేతులు చచ్చిపోయాయే.”

“చేతులకేం కాలేదు. నట్టు ఉండిపోయింది.”

“ఏ నట్టు?”

“నాలుగోది. బురద పూసి ఉంచాడు. మీరు టీ తాగుతున్నప్పుడు చూశాను.”

మేస్త్రీ ముందు తన చేతులు చూసుకున్నాడు. పిడికిళ్లు మూసి తెరిచాడు. మొహంలోకి రక్తం వచ్చింది. “వాడి అంతు చూస్తా!” అని గిరుక్కున షెడ్డు వైపు తిరిగాడు.

“వెళ్లండి. వెళ్లి అందరి ముందూ ఏమని చెబుతారు? నట్టు చూసుకోలేదనా?”

ఎత్తిన కాలు అక్కడే ఆగింది. వయసు మీదపడి ఓడిపోయినవాణ్ణి షెడ్డులో జనం జాలిపడి వదిలేస్తారు. నట్టు చూసుకోనివాణ్ణి ఏమనాలో ఆయనే అందరికీ నేర్పిపెట్టాడు. వెనక నుంచి స్కూటరొకటి హారన్ కొట్టి, తిట్టి, ఆయన్ని చుట్టుకుని పోయింది. మేస్త్రీ మెల్లగా ఇంటి వైపు తిరిగాడు.

“నువ్వైనా చెప్పొచ్చుగా.”

“చెప్పొచ్చు,” అని ఆవిడ ముందు నడిచింది.

గేటు దగ్గర పక్కింటావిడ బట్టలు ఆరేస్తోంది. “ఏం బాబాయిగారూ, ఇవాళ ఇంత పెందరాళే వచ్చేశారు?”

“భుజం పట్టేసిందమ్మా. వయసైపోయింది కదా.”

ఆ మాట ఆయన నోట ఇంటావిడెప్పుడూ వినలేదు. విని, నొప్పుల మందు ఏ అరలో ఉందో ఆలోచించుకుంటూ లోపలికి వెళ్లి, డబ్బాలో చల్లారిన కూర పొయ్యి మీద పెట్టింది. కాళ్లు కడుక్కుని మేస్త్రీ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వెళ్లడానికి ఆయనకు ఇంకో చోటు లేదు.

“మంట ఎక్కువ పెట్టావు,” అన్నాడు.

ఆవిడ మంట తగ్గించింది.

“మరీ అంత తగ్గిస్తే ఎప్పటికి కాగుతుంది?”