నక్షత్రం ఊడిన చోటు

వీధిలో ఆయనను అలారం తాత అంటారు. గడియారాలు బాగుచేస్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందని ఆయన నమ్మకం. నిజానికి అది ఆయన నోటికి పెట్టిన పేరు. కూరలో ఉప్పు తగ్గినా అరుస్తాడు, తలుపు గడియ సరిగ్గా పడకపోయినా అరుస్తాడు, అరిచిన మరుక్షణం మరిచిపోతాడు. తన మనసు వెన్నని, నోరే కాస్త పెద్దదని అందరికీ చెప్పుకుంటాడు కూడా. మరిచిపోయేది అరిచినవాడే గానీ తిట్లు తిన్నవాళ్ళు కాదన్న సంగతి ఇంత వయసొచ్చినా ఆయనకు తట్టలేదు.

ఆ రోజు మధ్యాహ్నం దుకాణం మూసి భోజనానికి ఇంటికొచ్చాడు. తిన్నాక కాసేపు నడుం వాల్చడానికి ఎప్పటిలాగే పిల్లల గదికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాడు. గోడ మీది ఆకాశంలో, కింది వరసలో, ఒక నక్షత్రం లేదు. దాని కిందే మంచం మీద రెండేళ్ళ మనవడు బుడ్డోడు కూర్చుని దేన్నో తీరిగ్గా నములుతున్నాడు.

ఆ ఆకాశం సంగతి ముందు చెప్పాలి. ఆ గది గోడకు పెద్ద చెమ్మ మరక ఉండేది. అయిదేళ్ళ మనవరాలు చిట్టి దాన్ని ఎలుగుబంటి అనేది, అది చూస్తోంది పడుకోనని పేచీ పెట్టేది. కోడలు ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని ఊరందరికీ బట్టలు కుడుతుంది. ఇంట్లో పడున్న సామానుతోనే పిల్లల గది గోడను ఎలా ముస్తాబు చేయొచ్చో ఫోనులో ఎవరో చూపిస్తే చూసి, మరక మీద ముదురు నీలం రంగు వేసింది. మిగులు గుడ్డలతో కొండలు కత్తిరించి అతికించింది. చెట్లకు ఊలు దారం చుట్టింది. మామగారికీ హుషారు పుట్టింది. పాత గడియారాల ముళ్ళు రెండేసి కలిపి ఎగిరే పక్షులు చేశాడు. పాడైన వాచీ డయలు ఒకటి చందమామ అయింది. ఇక నక్షత్రాలు. కోడలు కోటు గుండీలు తీసింది గానీ అవి సగం ఆకాశానికే సరిపోయాయి. అప్పుడు ఆయన దుకాణం నుంచి ఒక డబ్బా తెచ్చి చాప మీద బోర్లించాడు. వాచీల్లో, కారు తాళాల రిమోట్లలో, చిన్న త్రాసుల్లో అరిగిపోయాక తీసేసిన గుండ్రటి బ్యాటరీ సెల్లులు, పెద్దవి నాణెమంత ఉన్నాయి. వెండిలా తళతళలాడుతున్నాయి.

"పిల్లలున్న గది మామయ్యా, వీటితో ఏం కాదు కదా?" అని కోడలు ఒక మాట అడిగింది కూడా.

"ఛార్జి అయిపోయినవమ్మా ఇవి. చచ్చిన పాము కరుస్తుందా?" అన్నాడాయన.

ఆ మాటకు అందరూ నవ్వారు. కింది వరస నక్షత్రాలు చిట్టే తన చేత్తో నొక్కి అతికించింది.

ఇప్పుడు ఆ కింది వరసలోనే ఖాళీ.

"ఎవర్రా అది పీకింది?"

ఆ కేకకు కిటికీ రెక్క అదిరింది. బుడ్డోడు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు. మంచానికీ గోడకీ మధ్య సందులో చిట్టి నిలబడి ఉంది. ఆయన దాన్ని సరిగ్గా చూడను కూడా లేదు. రెండంగల్లో మంచం దగ్గరికెళ్ళి పిల్లాడి దవడలు నొక్కి నోట్లో వేలు పెట్టి తిప్పాడు. నానిన బిస్కెట్టు ముద్ద తప్ప ఏమీ తగల్లేదు. అప్పటికే గొంతు దిగిపోయి ఉంటుందనుకున్నాడు.

కోడలు టేపు మెడలో వేసుకునే పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది మామయ్యా, ఎందుకలా అరిచారు?"

"నక్షత్రం ఒకటి లేదు. వీడు మింగేశాడు."

కోడలు దుప్పటి దులిపింది, దిండు గలీబులు తిరగేసింది, మంచం కింద చీపురు పెట్టి లాగింది. ఏమీ దొరకలేదు. అయినా ఆమె గుండె నిబ్బరం పోలేదు. "గుండీయే కదా మామయ్యా. రేపో ఎల్లుండో అదే బయటికొస్తుంది. మా తమ్ముడు చిన్నప్పుడు ఇంతకంటే పెద్ద గుండీ మింగాడు. ఇప్పుడు చూడండి, గుమ్మంలో పట్టడు."

"గుండీనో కాదో ముందు చూడు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, నక్షత్రం ఊడిన చోట వేలితో తడిమింది. నీలం రంగు మీద ఎండిన జిగురు మచ్చ గుండ్రంగా మిగిలి ఉంది. దాని మీద ఆమె వేలు అటూ ఇటూ తిరిగింది, మళ్ళీ తిరిగింది. పక్కనున్న గుండీని ఒకదాన్ని గోటితో పెకలించి దాని కింది జిగురునూ తడిమి చూసింది.

"గుండీ పెట్టి నొక్కితే జిగురు కన్నాల్లోంచి పైకి లేస్తుంది మామయ్యా. ఊడినా ఆ బొడిపెలు గోడకే ఉండిపోతాయి. ఇదిగో, దీనికున్నాయి. దానికి లేవు." ఆమె మామగారి వైపు తిరిగింది. "అది నా గుండీ కాదు. మీది."

అసలు విషయం ఏమిటంటే, ఆ మనిషికి తెలుసు. తెలియక చేసినవాణ్ణి పోనీలే అనొచ్చు. ఛార్జి అయిపోయిన సెల్లును మీటరు మీద పెడితే ముల్లు ఎంతో కొంత లేస్తుందని ఆయనకు తెలుసు. అది వాచీని నడపలేదు గానీ పూర్తిగా చావదు. ఏళ్ళ తరబడి మరిచిపోయిన వాచీలను విప్పినప్పుడు లోపల సెల్లు కారి చుట్టూ ఇత్తడిని తినేసి ఉండటం ఆయన ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఇత్తడినే తినేది పిల్లాడి మెత్తటి గొంతును ఏం చేస్తుంది? ఇంత తెలిసీ, పాము గురించి సామెత చెప్పి నవ్వించాడు.

ఆయన సందులో ఉన్న చిట్టి వైపు తిరిగాడు. "తమ్ముడే కదూ నోట్లో పెట్టుకుంది?"

చిట్టి తలూపింది.

ఆయనకు ఇక అనుమానమే లేకపోయింది.

కొడుకు డ్యూటీ మీద ఊరు దాటి ఉన్నాడు, ఫోను కలవలేదు. ఆయన వీధి మొగలోకి చెప్పుల్లేకుండా పరుగెత్తి ఆటోను పిలుచుకొచ్చాడు. బుడ్డోణ్ణి కోడలు ఒళ్ళో పెట్టుకుంది. చిట్టిని ఎవరి దగ్గర వదలాలో తోచక ఆయన తన ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. రోడ్డు సగం తవ్వి పెట్టారు. నీళ్ళ పైపులు దింపుతున్న లారీ ఒకటి అడ్డంగా నిలబడి ఎటూ కదలనివ్వలేదు. ఆటో డ్రైవరు నిమ్మకు నీరెత్తినట్టు అద్దం సర్దుకుంటున్నాడు.

"కొంచెం పక్కగా పోనీ నాయనా, పిల్లాడు సెల్లు మింగాడు."

"ఫోనా?" అన్నాడు డ్రైవరు అదిరిపడి.

"కాదయ్యా, వాచీలో వేసేది."

"ఓ, అంతేనా," అని అతను కుదుటపడ్డాడు. అలా కుదుటపడినందుకు ఆ డ్రైవరును కొట్టాలనిపించింది ఆయనకు.

బుడ్డోడికి పళ్ళు వస్తున్నాయి, చొంగ ఎప్పుడూ కారుతుంది. కానీ ఆ వేళ ఆ చొంగను చూసి కోడలు మాటిమాటికీ వాడి ఛాతీ మీద చెవి ఆనించి వింటోంది. వాడు దగ్గితే ఆయన పై ప్రాణాలు పైనే పోతున్నాయి. తెలిసిన దేవుళ్ళందరినీ ఒక్కొక్కరినే పిలిచి, నా ఆయుష్షు తీసి వీడికివ్వమని బేరం పెట్టాడు. ఒళ్ళో చిట్టి మాత్రం కిక్కురుమనలేదు. ఆయన చొక్కా అంచు పట్టుకుని, తల ఆయన మోచేతికి ఆనించి కూర్చుంది. బుద్ధిమంతురాలు, సమయానికి అల్లరి చేయకుండా ఉందని ఆయన మనసులో మెచ్చుకున్నాడు కూడా.

ఆసుపత్రిలో సెల్లన్న మాట చెవిన పడగానే డాక్టరమ్మ లేచి నిలబడింది. అది చూసి కోడలు గోడ పట్టుకుంది. చేతిలో పని ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారంటే విషయం చిన్నది కాదు.

"ఎప్పుడు మింగాడు? ఏమైనా తినిపించారా?"

"భోజనాల తర్వాత చూశానమ్మా. ఎప్పుడు మింగాడో చూడలేదు."

బుడ్డోణ్ణి ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్ళారు. కోడలు వెంట వెళ్ళింది. ఆయన బయట ఇనప కుర్చీలో చిట్టిని ఒళ్ళో పెట్టుకుని ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాడు. లోపలినుంచి వాడి ఏడుపు వినిపిస్తే బతికే ఉన్నాడని ఊపిరి పీల్చుకుంటున్నాడు, ఆగితే ఊపిరి బిగబడుతున్నాడు. నా చేతులు విరిగిపోను, ఆ డబ్బా ఎందుకు తెచ్చాను అనుకున్నాడు. గోడకు సున్నం వేసి ఊరుకుంటే ఏం పోయేది? ఎలుగుబంటి ఉంటే ఉండేది.

తలుపు తెరుచుకుంది. కోడలు ఏడుస్తూ వచ్చింది.

"ఏం లేదు మామయ్యా." ఆమె ఏడుస్తూనే నవ్వింది. "గొంతులో లేదు, కడుపులో లేదు, ఎక్కడా లేదు. డాక్టరుగారు రెండుసార్లు చూశారు. వీడసలు మింగనే లేదు."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. బుడ్డోడి తలను పదే పదే నిమిరాడు. ఇంట్లోనే ఏ మూలో పడి ఉంటుంది, వెళ్ళగానే మొత్తం పీకి పారేద్దాం అనుకున్నారు మామాకోడళ్ళు. కోడలు సంచిలోంచి నీళ్ళ సీసా తీసి గటగటా తాగి ఆయనకిచ్చింది.

"ఇది కూడా ఇందాకటినుంచీ ఏం తాగలేదు," అని ఆయన సీసాను చిట్టి నోటికి పెట్టాడు. "తాగు తల్లీ. భయపడ్డావా? తమ్ముడికేం కాలేదు."

చిట్టి తల పక్కకు తిప్పింది. ఆయన బుజ్జగించి ఒక గుక్క పోశాడు. నీళ్ళు లోపలికి వెళ్ళలేదు. పెదాల సందుల్లోంచి కారి ఆయన చేతి మీద పడ్డాయి. అప్పుడు చూసుకున్నాడు తన మోచేతిని. చిట్టి తల ఆనించిన చోట చొక్కా చేయి అంతా తడిసి ముద్దయింది. తడిలో లేత ఎరుపు చార ఒకటి ఉంది.

ఇంత సేపూ ఎవరి కోసం దేవుళ్ళను పిలిచాడో, ఎవర్ని ఒళ్ళో పెట్టుకున్నాడో ఆయనకు అర్థమైంది.

"చిట్టీ," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు పక్కవాళ్ళకు కూడా వినపడనంత చిన్నగా వచ్చింది. "నక్షత్రం నీ దగ్గరుందా తల్లీ?"

చిట్టి గొంతు మీద వేలు పెట్టి చూపించింది. మాట బొంగురుగా, తెగి తెగి వచ్చింది. "ఊడి పడింది తాతయ్యా. అతికిద్దామని తీశా. నువ్వు అరిచావు. నోట్లో దాచుకున్నా. జారిపోయింది."

ఆయన పిల్లను ఎత్తుకుని డాక్టరమ్మ గదిలోకి పరుగెత్తాడు. ఆ తర్వాత ఎవరూ నడవలేదు, అందరూ పరుగులే. ఎక్స్‌రే తీశారు. గొంతు దిగి ఛాతీ పైభాగంలో, గుండ్రంగా, అంచు చుట్టూ ఇంకో గీతతో, తెల్లగా మెరుస్తూ ఉంది. గోడ మీద ఎంత అందంగా కనిపించిందో ఆ పటంలోనూ అలాగే కనిపించింది. మత్తిచ్చి గొట్టంతో తీయాలన్నారు. చక్రాల మంచం తెచ్చారు.

"ఎప్పుడు మింగిందో కచ్చితంగా తెలియాలి," అంది డాక్టరమ్మ. "లోపల ఎంతసేపటినుంచి కాలుతోందో దాన్నిబట్టి చూసుకోవాలి. ఎవరైనా చెప్పగలరా?"

కోడలు తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. బుడ్డోణ్ణి గుండెకు హత్తుకుని మామగారి వైపు చూసింది. ఇందాక బుడ్డోణ్ణి ఊరుకోబెడుతూ చిట్టి మాటలు ఆమె వినలేదు. ఆయన చెప్పకపోతే ఆమెకు ఎప్పటికీ తెలియదు కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకమే అయినా, ఆ క్షణాన ఆ ముసలాయన తప్పుకోలేదు.

"నేను గదిలోకెళ్ళి కేకేసినప్పుడమ్మా," అన్నాడు. "అప్పటిదాకా అది దాని చేతిలోనే ఉంది. నాకు భయపడి నోట్లో పెట్టుకుంది. తమ్ముడే కదూ అని కూడా నేనే అడిగాను. అందుకే తలూపింది."

కోడలు తిట్టినా బాగుండేది. బుడ్డోణ్ణి ఇంకో చంకకు మార్చుకుని, చక్రాల మంచం వెంట తలుపు దాకా నడిచింది. తలుపు మూసుకున్నాక అక్కడే నేల మీద కూలబడింది.

ఎంతసేపు అలా ఉన్నారో. ఎదురుగా గోడ గడియారం ఉంది, ఆయన దాని వైపు చూడలేదు. కొడుకు ఫోను చేస్తే కోడలే మాట్లాడింది. ఏదో చెబుతూ మధ్యలో ఏడ్చింది. మామగారి పేరెత్తలేదు. ఎత్తి ఉంటే ఆయనకు కాస్త తేలికపడేది.

డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు తీసింది. "తీసేశాం. లోపల కాలింది. రంధ్రం పడలేదు. కొన్నాళ్ళు నోటితో ఏమీ ఇవ్వకూడదు, ఇక్కడే ఉంచాలి. ముందు ముందు అన్నవాహిక సన్నబడే ప్రమాదం ఉంది, చూస్తూ ఉండాలి. ఆ సమయం చెప్పడం మంచిదైంది, ఇంకో పరీక్ష కోసం ఆగకుండా నేరుగా లోపలికెళ్ళాం."

గండం గడిచింది. పూర్తిగా గడిచిందని మాత్రం ఆమె అనలేదు. కోడలు చేతులు జోడించింది.

సాయంత్రం వెలుతురు కిటికీలోంచి మంచం మీద పడుతుండగా చిట్టి కళ్ళు విప్పింది. ముక్కులో సన్నటి గొట్టం ఉంది. తల్లి నుదురు నిమురుతుంటే కాసేపు ఆమెను చూసింది. తర్వాత చూపు తిప్పి మంచం కొసన తాతయ్యను చూసింది. ఆయన దగ్గరికి రావడానికి భయపడి ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నవ్వబోయాడు గానీ పెదాలు కదల్లేదు.

చిట్టి చిన్న చేతులు రెండూ దుప్పటిలోంచి బయటికి తీసి, వేళ్ళు విప్పి ఆయనకు చూపించింది. అవి ఖాళీగా ఉన్నాయి. తర్వాత, అంత నొప్పిలోనూ, నోరు వీలైనంత పెద్దగా తెరిచి, నాలుక పైకెత్తి, లోపల ఏమీ లేదని చూపిస్తూ, ఆయన చూసేదాకా అలాగే ఉంచింది.