పై ముక్క ఎవరిది?

మైక్రోస్కోపు కింద మావయ్య రెండు రకాలుగా కనిపిస్తున్నాడు.

అంటే, మావయ్య మూత్రాశయం లోంచి గీకి తీసిన కణితి. మామూలు రంగు వేసిన స్లైడు మీద కణాలు బడి పిల్లల్లా బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. గోడలోకి చొరబడ్డ జాడ లేదు. ప్రొటీన్ పరీక్ష చేసిన రెండో స్లైడు మీద మాత్రం ప్రతి కణమూ ముదురు గోధుమ రంగులో ముఖం మాడ్చుకుని ఉంది. రంగు అంతగా పట్టిందంటే కణితి మొండిదని, మళ్ళీ తలెత్తే అవకాశం ఎక్కువని అనుమానం.

ఒకే మనిషి మీద ఇద్దరు సాక్షులు చెరో మాట చెబుతున్నారు. పాథాలజీ డాక్టరమ్మకి బుర్ర పనిచేయలేదు. సొంతవాళ్ళ స్లైడు చూడకూడదనే నియమం ఉంది కానీ, చూడవలసిన రెండో డాక్టరు సెలవులో ఉన్నాడు.

ఫోను మోగింది. సర్జను.

"ఏమైనా తేలిందా? మొండిదైతే రేపే మూత్రపు సంచి మొత్తం తీసేస్తాను. కాకపోతే గీకినదానితో సరిపెట్టి మందు ఎక్కిస్తాను."

"తేలడం లేదండీ."

"మీకే తేలకపోతే నాకేం తేలుతుంది? నేను కోసేవాణ్ణి."

మంచినీళ్ళకని బయటికి వస్తే వరండా బెంచీ మీద మావయ్య, అత్తయ్య. మావయ్య దూరప్రాంతాల బస్సు డ్రైవరు.

"చిట్టీ, మొహం అలా పెట్టావేంటే? టైరు పంక్చరా, ఇంజనే పోయిందా?"

"ఇంకా చూస్తున్నా మావయ్యా."

"తొందరగా చూడు. పొట్టకి ప్లాస్టిక్ సంచి తగిలించుకుని స్టీరింగు పట్టాలంటే నా వల్ల కాదు."

"నోరు ముయ్యండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి," అంది అత్తయ్య. ఆమె చేతులు మాత్రం చీర కొంగును పీచుపీచు చేస్తున్నాయి.

లోపలికి వచ్చాక ఒక అనుమానం మెదిలింది. ఆ రోజు రంగే ఎక్కువ పట్టిందేమో? అదే విడతలో తయారైన ఇంకో పేషెంటు, ఒక టీచరుగారి స్లైడు తీసి పెట్టింది.

అదే ముక్క. మధ్యలో రెక్క విప్పిన పిట్టలాంటి ఖాళీతో సహా, అచ్చు అదే గోధుమ రంగు ముక్క. మావయ్య కణితి టీచరుగారి స్లైడు మీదికి ఎలా వచ్చింది? లేక టీచరుగారిదే మావయ్య పేరు మీదికి వచ్చిందా? అయితే రేపు ఎవరి సంచి కోస్తారు?

స్లైడు కిందికి జరిపింది. కింద ఇంకో ముక్క ఉంది. మావయ్య స్లైడు మీద అక్కడ ఏమీ లేదు.

టెక్నీషియన్ను పిలిచింది. "పై ముక్క ఎవరిది?"

"కంట్రోలు మేడమ్. రంగు సరిగా పట్టిందో లేదో తెలియాలని ప్రతి స్లైడు మీదా పైన పెడతాం కదా, అదే."

"కంట్రోలుకి ఎప్పుడూ టాన్సిల్ ముక్క కదా పెట్టేది?"

"అది అయిపోయింది. రంగు బాగా పట్టే పాత బ్లాడరు కేసు ముక్క పెడతానని నిన్న చెప్పాను. మీరు ఫోన్లో ఉన్నారు. తలూపారు."

ఊపింది నిజమే. ఫోన్లో అత్తయ్య ఏడుస్తోంది. దేనికి తలూపిందో తనకే గుర్తులేదు.

"మరి మా మావయ్య స్లైడు మీద కింది ముక్క ఏదీ?"

టెక్నీషియన్ స్లైడును వెలుతురుకెత్తి చూసి నాలిక కరుచుకున్నాడు. "వేడి చేసేటప్పుడు ఊడి నీళ్ళలో పోయినట్టుంది. నేను చూసుకోవలసింది."

"ఇద్దరం చూసుకోవలసింది."

ఇంతసేపూ మావయ్యదనుకుని చూసింది ఎవరిదో పాత కణితి. సర్జనుకు ఫోన్ చేసి రేపటి ఆపరేషన్ ఆపమంది. కారణం చెప్పుకోవడానికి సిగ్గేసింది. అయినా చెప్పింది. మైనపు దిమ్మలో దాచి ఉంచిన మావయ్య కణితి నుంచి కొత్త పొర కోయించింది.

మర్నాడు కొత్త స్లైడు వచ్చింది. పై ముక్క మాడు మొహంతో అలాగే ఉంది. కింది ముక్కలో చాలావరకు రంగు లేదు, అక్కడక్కడా నాలుగు గింజలు చల్లినట్టు తప్ప. ఆ నాలుగు గింజలకు అర్థమేమిటో ఏ పుస్తకమూ తెగేసి చెప్పలేదు. సర్జను, ఆమె చాలాసేపు మాట్లాడుకుని ఒక మాటకు వచ్చారు.

"సంచి తీయడం లేదు మావయ్యా. మందు ఎక్కిస్తారు. మూడు నెలలకోసారి లోపల కెమెరా పెట్టి చూస్తారు."

మావయ్య ఆమె మొహం లోకి చూశాడు. "అంటే బాగున్నట్టా, బాగాలేనట్టా?"

"మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి."

"మా డిపోలో అలాంటి బళ్ళు చాలా ఉన్నాయిలే," అంటూ లేచాడు. "ముందు బాత్రూమెక్కడో చెప్పు."