సాంబయ్యను ఉరికించిన సైగ

"రాకు మామా! ఎనకకు పో!"

నేల మీద బోర్లా పడి ఉన్న రంజిత్ గొంతు చించుకుని అరిచాడు. అప్పటికే సాంబయ్య సగం పిచ్‌కు వచ్చేశాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, ప్యాడ్లు టపటపా కొట్టుకుంటుండగా తల వంచుకుని ఉరుకుతున్నాడు. మిడ్‌వికెట్ ఫీల్డర్‌కు తొందరే లేదు. బంతిని నింపాదిగా తీసి బౌలర్‌కు విసిరాడు. బౌలర్ బెయిల్స్ ఎగరగొట్టాడు.

ఇంకా రెండు బంతులు మిగిలే ఉన్నాయి. కావలసింది రెండే పరుగులు. పడింది మాత్రం ఆఖరి వికెట్. సెమీఫైనల్లో సిరిసిల్ల మరమగ్గాల జట్టు, బెల్లంపల్లి బొగ్గుబావుల జట్టు చేతిలో ఒక్క పరుగుతో ఓడిపోయింది.

మే నెల మధ్యాహ్నం. నీళ్ల డ్రమ్ము మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది. టెంటు కిందికి రాగానే కెప్టెన్ అరుణ్‌కుమార్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"ఎవలు పిలిచిండ్రు మామా నిన్ను? రంజిత్‌గాడు రాకు రాకు అని మొత్తుకుంటే బెల్లంపల్లంత ఇన్నది. నీకొక్కనికే ఇనరాలే!"

సాంబయ్య ప్యాడ్లు విప్పుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు మగ్గాల మోతలో నిలబడి ఆయన చెవులు దాదాపు పోయాయి. ఆ సంగతి జట్టులో అందరికీ తెలుసు. అందుకే వాళ్లు పరుగులకు నోటితో పిలుచుకోరు. మగ్గాల షెడ్డులో ఎట్లా మాట్లాడుకుంటారో మైదానంలోనూ అట్లాగే, చేతులతోనే. అరచెయ్యి చూపిస్తే ఆగు. రెండు వేళ్లు గాలిలో తిప్పి గుండెకేసి లాగితే ఉరికి రా. ఈ టోర్నమెంటులో మూడు మ్యాచులు ఆ సైగలతోనే గెలిచారు.

"సైగ జూసే ఉరికిన" అన్నాడు సాంబయ్య నెమ్మదిగా.

"ఎవలు జేసిండ్రు? వీడైతే నేల మీద ఈత గొడ్తుండె!"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. సాంబయ్య విప్పిన ప్యాడ్లను ఒకదాని మీద ఒకటి పేర్చాడు.

"చెప్పవు. ఉంటే గద చెప్పనీకి! ఇగ నీ ఆట అయిపోయింది మామా. రేపటి సంది టీంల నీ పేరుండది."

అంతవరకూ అంపైరు కోటు విప్పుతూ నీడలో నిలబడిన రామచంద్రం ముందుకొచ్చాడు. ఇరవై మరమగ్గాల షెడ్డుకు ఆసామి. జట్టులో రంజిత్, సాంబయ్యలతో సహా అయిదుగురు ఆయన దగ్గరే పనిచేస్తారు.

"పెద్దమనిషిని గట్లనకురా అరుణ్" అన్నాడు. "చెవులు పోయినయ్. ఇంట్ల కూసోనియ్యి పాపం."

అరుణ్ తిట్లకంటే ఆ 'పాపం' రంజిత్‌ను ఎక్కువగా కోసింది. తనకు బ్యాటు పట్టడం నేర్పిందీ, తెగిన పోగు ముడెయ్యడం నేర్పిందీ సాంబయ్యే. ఆ మనిషి అబద్ధమాడడు. సైగ చూశానన్నాడంటే సైగ ఉంది. చేసినవాడూ ఉన్నాడు.

రంజిత్ ఎండలోకి నడిచాడు.

"యాడికిరా? వ్యాన్ కదుల్తుంది!" అరుణ్ వెనక నుంచి కేకేశాడు.

"రెండు నిమిషాలన్నా."

బౌలర్ వైపు వికెట్ దగ్గర, సాంబయ్య నిలబడ్డచోటే నిలబడ్డాడు. అవతలి కొసన దుమ్ములో తను పడ్డ గీత ఇంకా చెరగలేదు. ఇక్కడి నుంచి ఎవరెవరు కనబడతారు? టెంటు వెనకాల ఉంది. అక్కడివాళ్లు లెక్కలోకి రారు. ఎదురుగా ఉన్నవాళ్లంతా బెల్లంపల్లి ఫీల్డర్లు. వాళ్లకు ఈ సైగలు తెలియవు, పొద్దున్నుంచీ చూసి నవ్వుతూనే ఉన్నారు. ఇక మిగిలింది అంపైర్లు. ఈ పోటీల్లో బ్యాటింగ్ చేసే జట్టువాళ్లే అంపైర్లుగా నిలబడాలి. ఒకరు రాయమల్లు. ఆయన సాంబయ్యకు పక్కనే ఉన్నాడు, ముందు కనబడడు. రెండోవాడు స్క్వేర్ లెగ్‌లో, అవతలి వికెట్‌కు పక్కగా, ఇక్కడికి బాగా కనబడేచోట.

అక్కడ నిలబడింది ఎవరో గుర్తుకు రాగానే రంజిత్ టెంటు వైపు తిరిగాడు.

టెంటు వెనక సాంబయ్య ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. రంజిత్ ఎదురుగా గొంతుక్కూర్చుని, మాట లేకుండా, స్క్వేర్ లెగ్ వైపు చెయ్యి చాపాడు. సాంబయ్య గబుక్కున ఆ చేతిని కిందికి నొక్కేశాడు.

"ఊకో రంజితూ. ఆయన షెడ్ల నీకు నాలుగు మగ్గాలు, నాకు నాలుగు. బువ్వ బెట్టే మనిషి."

"ఎందుకు జేసిండు మామా?"

"బుధవారం ఫైనల్‌కు అయిదుగురం కాగజ్‌నగర్ పోతే బడి పిల్లల యూనిఫాం బట్ట ఎవలు నేస్తరు? మగ్గాలు ఆగొద్దు. గంతే."

"మరి నువ్వెందుకు మోస్తవ్ నింద?"

"నాదేముందిరా, ముసలోన్ని. నీకు ముందు బతుకున్నది."

రంజిత్ లేచాడు. సాంబయ్య చొక్కా పట్టి ఆపబోయాడు, అందలేదు.

వ్యాన్ స్టార్టయి ఉంది. మిగతా అందరూ ఎక్కేశారు. ముందు సీట్లో రామచంద్రం తడిగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు. రంజిత్ బానెట్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏందిరా తమాష? ఎక్కు" అన్నాడు అరుణ్ కిటికీలోంచి.

"మామ పేరు తియ్యనని జెప్పు, ఎక్కుత."

"మళ్ల గదే ముచ్చటనా?"

"ఆయన తప్పు జెయ్యలే. స్క్వేర్ లెగ్ కెల్లి ఉరుకుమని సైగ వచ్చింది. నమ్మిండు, ఉరికిండు. మనోడే గద అనుకున్నడు."

రామచంద్రం చేతిలోని తడిగుడ్డ మెడ మీదే నిలిచిపోయింది. తర్వాత నవ్వాడు.

"ఎండదెబ్బ తాకింది పోరనికి. రంజితూ, పొద్దుగాల ఆరింటికి షెడ్డు తీస్త. రావాలనున్నదా, లేదా?"

మాట మెత్తగానే ఉంది. అందులోని కత్తి రంజిత్‌కు ఒక్కడికే తగిలింది. ఇంట్లో అవ్వ, ఇంకా బడికి పోతున్న చెల్లె, ఆ నాలుగు మగ్గాలు కళ్ల ముందు తిరిగాయి. ఈలోగా సాంబయ్య వచ్చి చేరాడు. నోటి మీద వేలు పెట్టి, వద్దు వద్దని తల ఊపుతున్నాడు.

రంజిత్ ఆయన వైపు చూసి అరచెయ్యి చూపించాడు. ఆగు.

"అన్నా, మనల్ని ఓడగొట్టింది బెల్లంపల్లోళ్లు కాదు" అన్నాడు.

"మరెవలురా?" అరుణ్ తలుపు తీసుకుని కిందికి దూకాడు. "సాటుమాటు లేకుంట పేరు జెప్పు!"

రంజిత్ గుండెల నిండా వేడిగాలి పీల్చుకున్నాడు. సాంబయ్య చెవులకు కూడా చేరేంత గట్టిగా చెప్పాడు.

"మా ఆసామి. రామచంద్రం."