నలభై ఏడో వరుస

మొగుడు నరసింగరావు చేసిన అన్యాయాల్లో చాలావాటిని తాయారు కడుపులో పెట్టుకుంది గానీ, నలభై ఏడో వరుస సంగతి మాత్రం ఆమెకి అరగలేదు.

ఆ మధ్యాహ్నం గంజి వారుస్తోంది. మడతలు మడతలుగా ఉన్న అచ్చుకాగితం ఒకటి వచ్చి పొయ్యిగట్టు మీద పడింది. "మళ్లీ నీ నలభై ఏడేనే. సూసుకో," అని మొగుడు కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. గంజి ముంజేతి మీద ఒలికింది. ఎవరితో చెప్పుకుంటుంది?

నరసింగరావు విజయనగరం కాలేజీలో లెక్కల లెక్చరరు. వంశధార వరదల మీద డాక్టరేటు రాస్తున్నాడు. చేత్తో వేస్తే పదేళ్లు పట్టే లెక్కలని, కలకత్తాలో ఓ సంస్థ వాళ్ల కంప్యూటరుకి పంపుతాడు. మెషీను వరసగా చేయాల్సిన పనుల్ని అతను గొలుసుకట్టుగా గీకి పారేస్తాడు. తాయారు వంట చేసుకుని, అత్త కాళ్లకి నూనె రాసి, ఆ తర్వాత కూర్చుని గళ్లకాగితం మీద గడికో అక్షరం చొప్పున, సున్నాకి అడ్డగీత పెట్టి, వరుసకో నంబరు వేసి సాపు రాయాలి. ఆ కాగితాలు పోస్టులో పోతాయి, అక్కడ మెషీను చదివే చిల్లుల కార్డులవుతాయి, మూడు వారాలకి జవాబొస్తుంది. లెక్క మధ్యలో మెషీను ఆగిపోతే, ఎక్కడ ఆగిందో తనే అచ్చుకొట్టి చెబుతుంది. మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ ఒకటే మాట: నలభై ఏడో వరుస, సున్నాతో భాగహారం.

ఆ వరుసలో ఉన్నది గుణకారం. గుణకారానికి చిన్న నక్షత్రం, భాగహారానికి ఏటవాలు గీత. నువ్వు నక్షత్రాన్ని గీతలా బరికేస్తున్నావు, అందుకే వాళ్లు తప్పు కార్డు కొడుతున్నారు అని నరసింగరావు తేల్చేశాడు. ఆమె రెండోసారి ముత్యంలా రాసింది. మూడోసారి ఊపిరి బిగబట్టి రాసింది. అత్త సుభద్రమ్మ, తాయారుకి సొంత మేనత్తే, గడపలో కూర్చుని, "ఆడు అంత సదివినోడు, ఆడి లెక్క తప్పుతాదేటే? నీ సేతిలోనే ఏదో ఉన్నాది," అంది. ఈ ఇంట్లో అన్నం మాడితే తప్పు తడికట్టెలు తెచ్చినవాడిది కాదు, గరిటె పట్టుకున్నదానిది.

మెషీను గంటకి ఇంత అని పుచ్చుకుంటుంది. ఆ డబ్బు తాయారు భూమిలోంచే వెళుతోంది. పసుపుకుంకుమల కింద తల్లి ఇచ్చిన మెట్ట, కళింగపట్నం దగ్గర వంశధార ఒడ్డున. సగానికి పైగా పోయింది. ఇంకెన్నిసార్లు పంపాలో ఏమో, మిగిలిన ఎనభై సెంట్లూ ఒక్కసారే అమ్మేద్దాం, కొనే గంగులు సోమవారం రిజిస్ట్రేషనుకి వస్తాడు అన్నాడు మొగుడు. అడగలేదు, చెప్పాడు.

ఆ ఆదివారం ఆమె అచ్చుకాగితం విప్పి చూసింది. మెషీను తనకి అందిన వరుసలన్నీ పైన అచ్చుకొట్టింది. నలభై ఏడులో నక్షత్రం నక్షత్రంలాగే ఉంది. ఆమె చేతిని వాళ్లు సరిగ్గానే చదివారు. మరి భాగహారమే లేని వరుసలో సున్నాతో భాగించింది ఎవరు? సంస్థవాళ్లు పంపిన సన్నటి పుస్తకం అటక మీద దుమ్ము కొట్టుకుని ఉంది. ఎస్సెల్సీ ఇంగ్లీషుతో వేలు పెట్టి చదివింది. చివరి పేజీల్లో చిన్న అక్షరాలతో ఉంది: మనం రాసిన వరుసల్ని మెషీను తన భాషలోకి మార్చుకునేటప్పుడు, వేగం కోసం ఒక వరుసలో చెప్పిన పనిని అక్కడ చేయకుండా వాయిదా వేసి, తర్వాత వచ్చే మరో వరుస దగ్గర చేయవచ్చు, అలాంటప్పుడు తప్పు ఆ రెండో వరుస పేరనే అచ్చవుతుంది. ఆమె అది మూడుసార్లు చదివింది. నలభై ఏడుకి కావలసిన అంకె ముప్పై ఒకటిలోంచి వస్తుంది. ముప్పై ఒకటిలో నది నిన్నటి మట్టానికీ నేటి మట్టానికీ ఉన్న తేడాతో భాగించమని ఉంది. పున్నమి పోటుకి సముద్రం అడ్డుపడితే రేవు దగ్గర కొలతకర్ర మీద నీళ్లు రెండ్రోజులు ఒకే గీత మీద నిలబడతాయి. ఆ ఒడ్డున పుట్టిన ఏ పిల్లనడిగినా చెబుతుంది. తేడా సున్నా.

"బావా, నలభై ఏట్లో భాగారమే నేదు. తప్పు ముప్పై ఒకట్లో ఉన్నాది. అది సరిచేస్తే ఒక్కసారి పంపితే సాలు, ఇరవై సెంట్లు అమ్మితే సరిపోతాది. మిగతాది ఉంచు."

అతను పేపరు దించలేదు. "ముప్పై ఒకటి నేను కట్టిన సూత్రమే. మెషీను నలభై ఏడంటే నువ్వు కాదంటావేటి? రేపు ఆ ఎర్రంచు చీర కట్టుకో, ఆఫీసులో నలుగురుంటారు."

సోమవారం సంతకం పెట్టింది. మంగళవారం గళ్లకాగితాల ముందు కూర్చుని నలభై ఏడుని ఉన్నదున్నట్టు దింపింది. ముప్పై ఒకటికి ముందు మాత్రం ఒక వరుస కొత్తగా రాసింది: తేడా సున్నా అయితే ఆ రోజుని వదిలేసి ముందుకు పో. ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాలకి కట్టలకొద్దీ అంకెలొచ్చాయి. ఎక్కడా ఆగలేదు. నరసింగరావు జీడిపప్పు పాకం తెప్పించి తల్లి నోట్లో పెట్టి, "ఈసారి తాయారు నలభై ఏడు శ్రద్ధగా రాసిందమ్మా," అన్నాడు. "ముందే అలా ఏడిస్తే పోయేది," అంది సుభద్రమ్మ. తాయారు చేతిలో పాకం ముక్క అలాగే ఉండిపోయింది. గంగులు ఇచ్చిన డబ్బులో మిగిలింది టైపుకీ బైండింగుకీ అన్నాడు అతను.

నెల తిరిగాక కృతజ్ఞతల పేజీ చిత్తుప్రతి తెచ్చి సాపు రాయమన్నాడు. గురువుగారికి, కలకత్తా సంస్థకి, ఓపికగా తిరగరాసిన అర్ధాంగికి. ఇవాళే టైపుకి ఇవ్వాలి, తొందరగా కానీ అని స్నానానికి వెళ్లాడు.

ఆమె పెన్సిలు చెక్కుకుంది. గురువుగారిని, సంస్థని దింపింది. అర్ధాంగి దగ్గర ఆగి ఆ మాట వదిలేసి, గడికో అక్షరం రాసే ఆ అలవాటు చేత్తోనే కింద రాసింది:

నలభై ఏడో వరుసలో తప్పెప్పుడూ లేదు. తప్పు ముప్పై ఒకటిది, దాన్ని దిద్దింది తాయారు. ఇందుకు ఖర్చయిన ఆమె భూమి: వంశధార ఒడ్డున, రెండెకరాల ఆరు సెంట్లు.