టేపు కింద దారం

పోయిన మనిషి కారును ఎవరైనా అమ్మేస్తారు, కాదంటే పాత ఇనుముకు వేస్తారు. ఆంజినప్ప తాత రెండూ చేయలేదు. కూతురు నేత్రావతి పోయిన రెండేళ్ళకు, ఎండాకాలం పొద్దున ఒకనాడు రేకుల షెడ్డు తాళం తీసి, ఆమె నడిపిన మారిస్ కారును ఇటుకల మీదికెక్కించి చక్రాలు ఊడదీశాడు.

ఆ కారు ఒకప్పుడు బంగారు గని ఆఫీసరు దొరది. బంగళా సామాను వేలంలో తాత చేతికొచ్చేసరికి ఇంజను తుప్పుముద్ద. తండ్రీ కూతుళ్ళిద్దరూ కూర్చుని దాని కడుపులో మారుతి కారు ఇంజను పెట్టారు. తీగలన్నీ కొత్తగా అల్లుకున్నారు. నేత్రావతి టీచరు అందులోనే రోజూ రాబర్ట్‌సన్‌పేట నుంచి ముళబాగిలు స్కూలుకు పోయివచ్చేది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కారు కింద దూరే టీచరు చుట్టుపక్కల ఇంకొకతె లేదు.

పదో తరగతి పరీక్షలు రాసి క్యాసంబళ్ళి నుంచి సెలవులకు వచ్చిన మనవరాలు చైత్రను తాత సాయానికి పిలిచాడు. సాయమంటే టార్చి పట్టుకోవడం. చైత్ర ఎవరి మొహంలోకీ చూసి మాట్లాడే పిల్ల కాదు గనుక తాతకు వీపు వైపు నిలబడే ఆ పని బాగానే ఉండాల్సింది. కానీ షెడ్డులోకి అడుగు పెట్టిన ప్రతిసారీ ఆమె అరచేతులు చల్లబడిపోయేవి.

"గనిలో యాక్సిడెంటు అయితే ఏం చేస్తా ఉంటిమో తెలుసునా పాపా?" అన్నాడు తాత మొదటి రోజే. నలభై ఏళ్ళు భూమి కింద కరెంటు పని చేసిన మనిషి. "ఒక్కో జాయింటూ విప్పుకుంటా పోతా ఉంటిమి. తప్పు యాడ జరిగిందో దొరకల్ల. దొరక్కపోతే ఆ మనిషి పైకి రాడు."

"శవం తెస్తారు గదా తాతా?"

"శవం వస్తాది. మనిషి రాడు. ఈడే తిరుగుతా ఉంటాడు."

తాతకు ఇంకొక నియమం కూడా ఉండేది. రెండు తీగలు కలిపిన చోట, టేపు చుట్టే ముందు, కలిపినవాళ్ళు తమ దారం ఒకటి కట్టాలి. రేపు ఏదైనా కాలితే ఎవరి చేతి పనో తెలియాలి. తాతది పసుపు దారం. నేత్రావతిది ఎరుపు. ఆ కారులో ఒక్కటంటే ఒక్క తెల్ల పట్టు దారం కూడా ఉంది. అది చైత్రది, వాళ్ళింట్లో అమ్మ పెంచే పట్టుపురుగుల గూళ్ళ నుంచి తీసింది.

రెండేళ్ళ క్రితం సెలవుల్లో, టీచర్లకు ఇంకా స్కూలుండగానే, ఒక పొద్దున, హెడ్‌లైట్లు రెండింటికీ కరెంటు తీసుకుపోయే తీగను స్టీరింగు వెనక కలపమని నేత్రావతి అత్త చైత్రకే ఇచ్చింది. చైత్ర కలిపింది, దారం కట్టింది. "శభాష్, నా కోడలా!" అంది అత్త. ఆ సాయంత్రం ముళబాగిలు రోడ్డులో వాన. ఎదురొచ్చిన లారీ కారును గుద్దింది. ఎదుటి కారు లైట్లు రెండూ టక్కున ఆరిపోయాయని, పొలంలోకి తిరిగిందేమో అనుకున్నానని లారీ డ్రైవరు పోలీసులకు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. చైత్ర ఒక్కతే నమ్మింది. అన్నీ రాసుకునే డైరీలో ఆ తేదీ కాగితం మాత్రం చించేసింది.

ఇప్పుడు తాత కారు వెనక నుంచి మొదలుపెట్టి ముందుకు వస్తున్నాడు. రోజుకు రెండు మూడు జాయింట్లు. విప్పడం, భూతద్దంలో చూడడం, దారాన్ని చొక్కా జేబులో వేసుకోవడం. ఒక్కోసారి "ఛీ దీని" అని గొణిగేవాడు. ఏమని అడిగితే, "ఏమీ లే, లైటు సరిగ్గా పట్టు" అనేవాడు. వీపు అడ్డం ఉండడంతో ఆమెకు దారాల రంగు కనపడేది కాదు.

ఆ షెడ్డులో అత్త ఉండేది. ఇంకెలా చెప్పినా అబద్ధమే. బ్యాటరీ ఎప్పుడో తీసేశారు. అయినా ఎండ దిగే వేళ ఇండికేటరు మోగినట్టు టక్, టక్, టక్ అని వినపడేది. "రేకులు చల్లారతా ఉండాయి," అనేవాడు తాత. కానీ పని ఆపి చివరిదాకా వినేవాడు. ఒకసారి తాత చెప్పాడని చైత్ర డ్రైవరు సీట్లో కూర్చుంది. అత్త తలకు పెట్టుకునే నూనె వాసన వచ్చింది. అద్దంలోకి చూస్తే తన మొహం లేదు, మెడ మాత్రమే ఉంది. అద్దం ఇంకా పొట్టి మనిషి కళ్ళ కోసమే వంగి ఉంది. సరిచేయడానికి చెయ్యి రాక దిగిపోయింది.

అక్కయమ్మ అవ్వ షెడ్డు వైపే రాదు. వంటింటి గడప దగ్గర కూర్చుని లారీ వాణ్ణి తిట్టేది. రోజూ దీపాలు పెట్టే వేళకు, మరిచిపోకుండా. "తాగి తోలినాడు, పైగా లైట్లు ఆరినాయని కథ చెప్పినాడు. వాని ఇంట దీపం ఆరిపోను!" చైత్ర అన్నం తింటుంటే ఆ తిట్టు తన కంచంలోనే వచ్చి పడేది.

ఇరవయ్యో రోజుకు తాత స్టీరింగు దగ్గరికి వచ్చాడు. "రేపు ఇది చూస్తాం," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం తాత సంగటి తిని కునుకు తీస్తుండగా చైత్ర ఒక్కతే షెడ్డులోకి వెళ్ళింది. తన తప్పును తనే ముందు చూడాలి. స్టీరింగు వెనక చెయ్యి దూర్చి తీగల కట్టను కిందికి లాగింది. టేపు ఒకచోట కరిగి గట్టిపడి ఉంది. గోరుతో గీకింది. లోపల రాగి నల్లగా మాడిపోయి, తీగలు రెండూ విడివిడిగా ఉన్నాయి. వాటికి కట్టిన దారం సగం కాలింది.

ఎరుపు.

ఆమె మళ్ళీ చూసింది. ఎరుపే. శభాష్ అన్న అత్త, చైత్ర ఇంట్లోకి పోగానే ఆ జాయింటు విప్పి, తనే మళ్ళీ వేసింది.

రెండేళ్ళుగా గుండె మీదున్న బండ దిగినట్టయింది. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపే. తర్వాత తాత గుర్తొచ్చాడు. నా బిడ్డ వేసిన జాయింటు ఏనుగు లాగినా ఊడదని ఊరంతా చెప్పుకునే మనిషి. ఆ బిడ్డ చేతి పనే ఆమెను తీసుకుపోయిందని ఇంకో గంటలో ఆయనకు తెలుస్తుంది. రెండేళ్ళు మోసిన బరువు చైత్రకు అలవాటే. ఆయనకు డెబ్బై ఆరేళ్ళు.

ఆమె ఎర్ర దారం విప్పేసింది. తన జడకున్న రిబ్బను అంచు నుంచి ఒక తెల్ల పోగు లాగి ఆ చోట కట్టి, టేపు ముక్కలు మళ్ళీ అతికించింది. వెనక ఎక్కడో ఇండికేటరు టక్ మంది. తిరిగి చూడలేదు.

తాత లేచి వచ్చి కళ్ళద్దాలు తుడుచుకుని, టేపు విప్పాడు. రాగి కొనలను భూతద్దంలో తిప్పి తిప్పి చూశాడు.

"గుద్దినప్పుడు తెగింటే రాగి మెరస్తా ఉంటాది," అన్నాడు చివరికి. "ఇది నల్లగుండాది. ముందే వదులై, నిప్పులు కక్కి కాలింది. ఆ డ్రైవరు చెప్పింది నిజమే."

"నాదే తాతా," అంది చైత్ర. "తెల్ల దారం, నాది."

తాత ఆ పోగును వేలితో తాకాడు. "అట్లనా. టేపు కాలింది, రాగి కాలింది. మధ్యలో నీ దారం మాత్రం మల్లెపువ్వు మాదిరి ఉండాదే?"

చైత్ర పిడికిలి బిగించింది.

"చెయ్యి తెరువమ్మా."

అరచేతిలో ఎర్ర దారం చెమటకు అంటుకుని ఉంది. తాత దాన్ని తీసుకుని గడప దగ్గరి వెలుతురులో చూసి, అక్కడే కూలబడ్డాడు. ఆమెకు భయం వేసింది, అవ్వను పిలుద్దామనుకుంది. ఇంతలో ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుంది. నవ్వుతున్నాడు, కళ్ళ నీళ్ళు కారుతూనే.

"ఈ బండిలో నేను వేసిన జాయింట్లు పదిహేడు. పసుపు దారం ఎన్ని దొరికినాయో తెలుసునా? నాలుగు! తక్కినవన్నీ నాకు తెలీకుండా విప్పి, మళ్ళీ వేసి, ఎర్ర దారం కట్టుకునింది. కన్న తండ్రిని, నలభై ఏండ్ల చేతిని నమ్మలేదు నా కూతురు! ఇరవై రోజులుగా సిగ్గుతో నీకు చెప్పలేకపోతి." జేబులోంచి ఎర్ర దారాలు గుప్పెడు తీసి ఒళ్ళో వేసుకున్నాడు.

చైత్ర గోడకు ఆనుకుని నిలబడింది. "నాది బాగలేదనే తీసిందేమో తాతా. నేను బాగా వేసుంటే తీసే పనే ఉండేది కాదు."

"అయ్యిండచ్చు. నీది ఎట్లుండిందో ఇంగ చెప్పేవాళ్ళు లేరు. నావి పదమూడూ బాగలేవా మరి? ఎవరు వేసినా ఆమె విప్పుతాది. అది ఆమె గుణం." కాలిన తీగ కొనను ఎత్తి చూపించాడు. "అన్నిటికీ ఊడకుండా సీసం కరిగించి పోసింది. దీనికి ఒక్కదానికి పోయలేదు. స్కూలుకు టైమై ఉంటాది. సాయంత్రం వచ్చి సీసం పోద్దామనుకునింటాది."

ఎండ రేకుల మీంచి జారింది. ఏ చప్పుడూ వినపడలేదు. ఆ నిశ్శబ్దానికి చైత్రకు టక్ టక్ కంటే ఎక్కువ భయమేసింది. అత్త ఇప్పుడే లేచి, చెప్పకుండా వెళ్ళిపోయినట్టుంది.

"పోయి మీ అవ్వకు చెప్పు, దొరికిందని," అన్నాడు తాత. "నాకు నోరు రాదు."

అవ్వ గడప దగ్గర చేటలో రాగులు చెరుగుతోంది. చైత్ర ఎదురుగా కూర్చుని, తల వంచుకోకుండా, తెల్ల దారంతో సహా అంతా చెప్పింది. జీవితంలో అంతసేపు ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. అవ్వ చేతులు ఆగిపోయాయి.

"అయితే లైట్లు ఆరిందే నిజమా?"

"నిజమే అవ్వా."

"వాడు తాగలేదా?"

"లేదంట. పోలీసు కాగితంలోనే ఉంది. నేనొక్కదాన్నే చదివాను."

అవ్వ చేటను పక్కన పెట్టింది. పెదవులు ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టు కదిలాయి. బయట చీకటి పడుతోంది, రోజూ తిట్టే వేళ అది. ఆమె లేచి, దేవుడి గూట్లో దీపం వెలిగించి, వత్తి ఎగదోస్తూ అడిగింది.

"వాని పేరేంది పాపా?"

"మునేష్. ముళబాగిలు దగ్గరే ఏదో పల్లె."

"మునేష్," అంది అవ్వ, నోటికి పట్టించుకుంటున్నట్టు. "ఇంట్లో వాళ్ళు ఎట్లుండారో ఏమో. రెండేండ్లు తిట్టినాను గదే, దినామూ."