కొత్తగా వచ్చిన సీసా

నాంచారమ్మకు కోడలి మీద అనుమానం పెళ్ళినాడే మొదలైంది. ధనమ్మ గుడివాడ పక్క చెరువు చేపలు అమ్ముకునే ఇంటి పిల్ల. ఎండు చేపల వాసనకు ముక్కు మూసుకునే పిల్ల సముద్రం మీద బతికేవాడికి పెళ్ళామెలా అవుతుంది, చెప్పండి? పైగా ఉప్పెన వచ్చి ఏడాది దాటిందో లేదో. అది నాంచారమ్మ మొగుణ్ణీ పెద్దకొడుకునూ పట్టుకుపోయి, చిన్నవాడు పోతురాజు ఒక్కణ్ణే మిగిల్చింది. ఆ ఒక్కణ్ణీ ఈ పిల్ల గుడివాడ లాక్కుపోయి తన అన్న కొట్లో కూర్చోబెడుతుందని ముసలిదాని దిగులు. ధనమ్మ ఒకసారి ఆ మాట అననే అంది. ఇక చూసుకోండి, ఆ రోజు నుంచి కోడలు మంచినీళ్ళిచ్చినా అత్త చెంబులోకి తొంగిచూసిగానీ తాగేది కాదు.

ఆ పల్లెలో ఒక ఆనవాయితీ ఉంది. వేటకు వెళ్ళేవాడు పడవెక్కే ముందు తాంబూలం తల్లి చేత్తోనే పుచ్చుకోవాలి. తల్లి లేకపోతే అక్క, అక్క లేకపోతే మేనత్త. పెళ్ళానికి మాత్రం ఆ హక్కు లేదు. నాంచారమ్మ ఆ ఆకులో వక్క, సున్నంతో పాటు కందిగింజంత నల్లమందు కూడా పెట్టేది. బందరు బజారుకు ఎండు చేపలు తీసుకెళ్ళినప్పుడు చాటుగా తెచ్చుకునేది. ఉప్పెన తర్వాత నీళ్ళు చూస్తే చాలు, పోతురాజుకు ఒళ్ళు వణికేది. అది బుగ్గన పెట్టుకుంటే వణుకు పోయేది. రానురాను చలికీ అదే, హుషారుకీ అదే అయింది. చంటిపిల్లలకే పెడతాం, ఇదీ ఒక మత్తేనా అని ఆవిడ ధీమా. కోడలికి మాత్రం చెప్పలేదు. చెబితే గుడివాడ దాకా చాటింపేస్తుందని భయం.

మాఘమాసంలో పోతురాజుకు జలుబు చేసింది. దాని వెనకే పొడిదగ్గు పట్టుకుని నిద్రపోనివ్వలేదు. ధనమ్మ బస్సెక్కి అవనిగడ్డ వెళ్ళి, మందుల షాపులో అడిగి జలుబు బిళ్ళలు, దగ్గు మందు సీసా తెచ్చింది. డాక్టరు చీటీ ఏమీ లేదు, అడిగింది, ఇచ్చారు. నాంచారమ్మ మూత తీసి వాసన చూసింది. మందుకు తియ్యటి వాసనేమిటి? తియ్యగా ఉందంటే ఏదో ఉందన్నమాటే. మిరియాల కషాయం పనికిరానంత గొప్పవాళ్ళమైపోయామా అని సణుక్కుంటూ సీసాను దూరంగా జరిపింది.

మర్నాడు మధ్యాహ్నం పడవలు బయల్దేరాల్సి ఉంది. నడిసముద్రంలో దగ్గు రాకూడదని పోతురాజు రెండు బిళ్ళలు మింగి, చెంచా ఎందుకన్నట్టు సీసా ఎత్తి గటగటా తాగాడు. ధనమ్మ వద్దంటున్నా వినలేదు. తర్వాత ఒడ్డున తల్లి చేతి తాంబూలం నోట్లో పెట్టుకున్నాడు. పోటు వచ్చేదాకా అని పడవ నీడన నడుం వాల్చాడు. జతగాడు అంకమ్మరావు వచ్చి పిలిస్తే పలకలేదు. కుదిపితే తల పక్కకు వాలిపోయింది. పెదాలు నల్లబడి ఉన్నాయి. ఊపిరి ఎప్పుడో ఒకటి, మళ్ళీ ఎప్పుడో ఒకటి.

నాంచారమ్మ కేక ఊరంతా వినబడింది. కోడలు తన కొడుక్కి విషం పెట్టిందని, నిన్న తెచ్చిన సీసాలోనే కలిపిందని, గుండెలు బాదుకుంటూ చెప్పింది. ఆడవాళ్ళు ధనమ్మ జుట్టు పట్టుకోబోయారు. ఉప్పెన సాయానికి వచ్చినవాళ్ళ జీపు ఊళ్ళోనే ఉంటే అంకమ్మరావు దాన్ని పిలుచుకొచ్చాడు. ధనమ్మను ఎక్కనివ్వనన్నది అత్త. అయినా ధనమ్మ సీసా చేత్తో పట్టుకుని వెనక ఎక్కి కూర్చుంది.

అవనిగడ్డలో రాజారత్నం డాక్టరు పోతురాజు రెప్పలెత్తి చూశాడు. కంటిపాపలు సూది మొనంత అయిపోయాయి. ఏం తాగాడని అడిగితే నాంచారమ్మ తడుముకోకుండా పురుగుమందు అంది. కోడలే పోసిందని వేలు పెట్టి చూపింది. ఆ డాక్టరుకు పురుగుమందు కేసులు కొత్త కాదు. పురుగుమందుకీ కళ్ళు ఇలాగే అవుతాయి. విరుగుడు సూది సిద్ధం చెయ్యమని కాంపౌండరుకు చెప్పాడు గానీ, నోటి దగ్గర ఆ వాసన లేదు. ఆయనకు అనుమానం తీరలేదు.

ధనమ్మ సీసా బల్ల మీద పెట్టి, తాను తెచ్చింది ఇదీ, జలుబు బిళ్ళలూ అంతేనంది. ఆయన సీసా మీద అంటించిన చీటీ చదివాడు. ఇదొక్కటే ఇంత పని చెయ్యదే అని గొణుక్కుని నాంచారమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, మీవాడికి గంజాయి, నల్లమందు అలవాటుందా? పురుగుమందు కాకపోతే ఈ సూది పొడవకూడదు. ఆలోచించి చెప్పు."

"మావాడు అట్టాంటోడు కాదు బాబూ," అంది నాంచారమ్మ. పరువు పోతుందని ఒక భయం, పోలీసులొస్తారని ఒక భయం. అన్నిటికీ మించి, రోజూ తినేదాని మీదకు నెపం వెళ్తే కోడలు తప్పించుకుపోతుందని కచ్చ. ఛీ, కొడుకు పోతుంటే కచ్చేమిటి? అయినా ఉంది.

ధనమ్మ అత్త ముందుకొచ్చి చేతులు జోడించింది.

"అత్తా, నేనే సంపానని సెప్పు, జైలుకెళ్తా. నీకేమన్నా తెలిస్తే మాత్రం దాచమాకు."

కాంపౌండరు సూది తెచ్చాడు. నాంచారమ్మ కొడుకు రొమ్ము చూస్తూ నిలబడింది. అది లేస్తుందేమోనని చూసింది. లేవలేదు.

"ఆకులో నల్లమందు పెట్టా బాబూ," అంది. "నా సేత్తోనే."

డాక్టరు ఆ సూది విసిరికొట్టి నల్లమందుకు విరుగుడు అందుకున్నాడు. రబ్బరు సంచితో ఊపిరి తోలుతూనే తిట్టాడు. ఆ దగ్గు మందులో ఉన్నదీ నల్లమందు జాతి సరుకేనట, జలుబు బిళ్ళలో నిద్ర సరుకుందట. దేనికది వేసుకుంటే పెద్దగా ఏమీ అయ్యేది కాదు, అన్నీ కలిసి వాడి ఊపిరి నొక్కేశాయన్నాడు. చీకటి పడేవేళకు పోతురాజు పెదాలకు రంగొచ్చింది. నాంచారమ్మ ధనమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ధనమ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

తెల్లవారాక పోతురాజుకు పూర్తిగా తెలివొచ్చింది. అప్పటికే అంకమ్మరావు వాడి పక్కన కూర్చుని ఒడ్డున జరిగిందంతా, నాంచారమ్మ అరిచిన మాటలతో సహా, చెప్పేశాడు. ధనమ్మ వేడి పాలు గ్లాసులో పోసి తెచ్చింది. పోతురాజు గ్లాసు వంక చూశాడు, పెళ్ళాం మొహం వంక చూశాడు. పుచ్చుకోలేదు.

"నువ్వియ్యమ్మా," అన్నాడు తల్లితో.

నాంచారమ్మ గ్లాసు ముట్టుకోలేదు. "ఆ పిల్లదేం తప్పులేదురా. నేనే ఆకులో పెట్టా. ఆ మందుల మీద అది పడకూడదంట."

పోతురాజు నీరసంగా నవ్వాడు.

"దాన్ని ఎనకేసుకు రామాకమ్మా. నీ ఆకు రోజూ తింటన్నదే, ఏనాడన్నా ఏమన్నా అయ్యిందా? కొత్తగా వచ్చింది ఆ సీసా ఒక్కటే గదా."

నిన్న ఒడ్డున నిలబడి నాంచారమ్మ అరిచిందీ ఇంచుమించు ఆ మాటే. డాక్టరు గారిని పిలుస్తాను, ఆయన్నే అడగమంది నాంచారమ్మ. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ధనమ్మ పాలగ్లాసు బల్ల మీద పెట్టి, చెంగుతో చెయ్యి తుడుచుకుని, గుడివాడ బస్సు ఎన్నింటికని నర్సును అడిగింది.